గిర్జ గోడలో కుండ

హన్మవ్వ పాత చీర పేలికను బకెట్టు మూతికి కట్టి, నానేసిన కరక్కాయ నీళ్లు వడగడుతోంది. నీళ్లు ఒక్కొక్క బొట్టే దిగుతున్నాయి. తొందరపడి పేలికను పిండితే నలక దిగుతుంది, నలక దిగితే పూసిన గోడ మీద మచ్చ తేలుతుంది. అందుకే ఆమె పిండదు. సున్నానికి పగిలిన వేళ్లకు నువ్వుల నూనె రాసుకుంటూ, గొంతుక్కూర్చుని, ఆ బొట్ల వంకే చూస్తూ ఉంటుంది. సున్నంలో ఈ నీళ్లూ బెల్లం నీళ్లూ తగుపాళ్లలో పడితేనే గోడకు పట్టు. కలపడం ఆమె పని, పూయడం మొగుడిది.

సిద్దిరాములు గడప మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. చెరుకు ఆడే రోజులు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే తియ్యని పులిసిన వాసన మంచుతో కలిసి ఇంటి చూరు కిందికి దిగి ఉంది.

"ఇయాల కుండల మూతులు మూసుడు" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"ఏం కుండలు?"

"గిర్జ గోడలల్లవి. ఐతారం నాడు కచేరి గద. గప్పటి వరకు గోడలన్ని సాపు గావాలెనని దేవిదాస్ సారు జెప్పిండు. పెద్దమనుషులు వస్తరట. పొక్కలు గనవడ్తె బాగుండదట. కందిరీగలు గూడ వెట్టినయట."

"అన్నింటినా?"

ఆయన రొట్టె ముక్క తుంచి, తినకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"అన్నింటిని."

పేలిక మీద నీళ్లు అయిపోయాయి. హన్మవ్వ మళ్లీ పోయడం మరిచి, ఎండిపోతున్న ఆ బట్టనే చూస్తూ కూర్చుంది.

ఊరికీ ఫ్యాక్టరీ కాలనీకీ నడుమ, చెరుకు మళ్ల అంచున ఉంది ఆ రాతి గిర్జ, పాతకాలపు చర్చి. ఎన్నడో దొరలు కట్టించింది. పైకప్పు కూలిపోయి ఏళ్ల తరబడి మేకలు ఎండకు తలదాచుకునే చోటుగా మిగిలింది. దేవిదాస్ సారు ఫ్యాక్టరీ దఫ్తరు నుంచి రిటైరైనాక దాన్ని నిలబెట్టే పని నెత్తికెత్తుకున్నాడు. ఆయన తండ్రికి బాప్తిస్మం ఇచ్చింది అక్కడే. పొద్దున ప్రార్థన ఎట్లాగూ ఉంటుంది. నెలకొక ఐతారం సాయంత్రం మాత్రం అక్కడ సంగీతం వినిపించాలని ఆయన కోరిక. టికెట్టు లేదు. చెరుకు కొట్టేవాడైనా ఆఫీసరైనా ఒకే చాప మీద కూర్చుని వినాలి.

ఆ గోడలు కట్టినప్పుడే లోపలి వైపు మూతులు తెరిచి ఉండేట్టు మట్టికుండలను అడ్డంగా పొదిగారు. ఎందుకు పొదిగారో ఊళ్లో ఎవరికీ తెలియదు. గోడ బరువు తగ్గేందుకని సిద్దిరాములు అంటాడు. చాలావరకు నిచ్చెన వేస్తే తప్ప అందనంత ఎత్తున ఉన్నాయి. తలుపు పక్కన ఒక్కటి మాత్రం మనిషి రొమ్మెత్తున ఉంది.

అది కూతురు గంగు చెప్పిన కుండ. మేకల వెంట తిరిగి వచ్చి, "అవ్వా, గిర్జ గోడల కుండ ఉన్నది, పిలిస్తె పలుకుతది" అని చేతులు తిప్పుతూ చెప్పేది. హన్మవ్వ ఏదో పనిలో ఉండి ఊఁ కొట్టేది. పోయిన వానకాలం జ్వరంలో గంగు పోయింది. దసరా దాటాక గిర్జ పని మొదలైంది. మొదటి వారంలోనే ఒక పొద్దున అందరికంటే ముందు వచ్చి, లోపల ఎవరూ లేరని చూసుకుని, ఆ కుండ మూతికి నోరు ఆనించి, కళ్లు మూసుకుని హన్మవ్వ పిలిచింది.

"గంగూ..."

కుండ ఆమె గొంతునే బరువుగా తిరిగి ఇచ్చింది. ఆ వెనుకే సన్నగా ఇంకొకటి వచ్చింది.

"వస్తున్న అవ్వా."

గంగు ఎప్పుడు పిలిచినా అట్లాగే అనేది. చివరి అక్షరాన్ని సాగదీసేది. అని, రాకుండా అక్కడే మేకపిల్లతో ఆడుకునేది.

హన్మవ్వ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆనాటి నుంచి రోజూ ముందు వచ్చి పిలుస్తోంది. కుండ మళ్లీ పలకలేదు. ఆమె గొంతు ఆమెకు తిరిగి ఇస్తోంది, అంతే. అయినా వస్తున్నానన్న పిల్ల కదా అని ఆమె ఎదురుచూస్తోంది.

ఆ రోజు పొద్దున కూడా పిలిచింది. పిలిచి, చెవి ఆనించి నిలబడింది. లోపలి నుంచి మట్టి చల్లదనం చెంపకు తగిలింది. బయట నీళ్ల కావడి దించిన చప్పుడు విని పక్కకు జరిగింది.

వచ్చింది ముత్తవ్వ. పనికి నీళ్లు మోసేది ఆమే. వస్తూనే నోరు తెరిచింది.

"నీ మొగడు కుండలకు మూతులు వెడ్తుండట గద! ముందుగాల దేవిదాస్ సారు నోటికి ఒకటి వెట్టుమను. పొద్దుగాల నుంచి కచేరి, కచేరి అని నా పానం దీస్తుండు. చాపలు కడుగు ముత్తవ్వా, చెప్పులు ఎక్కడ విడువాలె ముత్తవ్వా... నేనేమన్న ఆయన పెండ్లామునా?"

ఇంకో రోజైతే హన్మవ్వ నవ్వేది.

దేవిదాస్ సారు లోపలికి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని గోడలు చూస్తుంటే, హన్మవ్వ చీర కొంగు నెత్తి మీదికి లాక్కుని దగ్గరికి వెళ్లింది. అన్ని రోజుల పనిలో ఆమె ఆయనతో మాట్లాడింది లేదు.

"సార్... గా తలుపు పక్క కుండను ఉంచుండ్రి."

"ఎందుకమ్మా?"

"అండ్ల కందిరీగలు లెవ్వు" అంది.

ఆయన మెత్తగానే నవ్వాడు. "అన్నీ మూసి అదొక్కటి విడిచిపెడితె గోడ ఒంటికన్నుతోని సూస్తున్నట్టుంటది హన్మవ్వా. నిండు పని చేద్దాం. పేరు మీకే వస్తది."

నిచ్చెన మీద సిద్దిరాములు వెనక్కి తిరగలేదు. ఇటుక ముక్క మీద సుత్తి దెబ్బ మాత్రం ఒకటి తప్పింది.

పొద్దంతా పై కుండలు మూశారు. ఇటుక ముక్కలు సున్నంలో తడిపి కుండ మెడలోకి కూరడం, పైన సున్నం పూయడం, గుడ్డతో రుద్ది నున్నగా చేయడం. హన్మవ్వ కిందనుంచి తట్టలు అందిస్తూ ఉంది. ఒక్కొక్క మూతి మూసుకుంటున్న కొద్దీ లోపల మాటల చప్పుడు పలచబడుతోందని ఆమెకొక్కదానికే అనిపించింది. ముత్తవ్వ అరిచినా ఆ అరుపు గోడ దగ్గరే పడిపోతోంది.

పొద్దు వాలుతుండగా తలుపు పక్క కుండ ఒక్కటే మిగిలింది. ఆమె కొత్తగా సున్నం కలిపింది. ఇసుక సగానికి సగం తగ్గించింది. బెల్లం నీళ్ల ముంత ఒంచింది. చాలనిపించిన చోట ఆపలేదు. తీపి ఎక్కువైన సున్నం గట్టిపడదని ఆమెకు తెలుసు. ఇన్నేళ్లలో ఆ తప్పు ఒక్కసారీ చేయలేదు. చేతులు పిసుకుతూనే ఉన్నాయి, మొఖం మాత్రం పక్కకు తిప్పుకుంది.

సిద్దిరాములు వెలుతురు పోతున్న తొందరలో ఉన్నాడు. సున్నం తీసుకున్నాడు, కూరాడు, పూశాడు. ఒకసారి ఆగి, వేళ్ల మధ్య సున్నాన్ని నలిపాడు. అయినా గుడ్డతో నున్నగా రుద్దేశాడు.

ఐతారం మధ్యాహ్నానికే గిర్జ ముందు కచ్చడం బండ్లు, సైకిళ్లు నిండాయి. కాలనీ ఆడవాళ్లు పూలు పెట్టుకుని వచ్చారు. చెరుకు బండ్ల రాజలింగు ఎడ్లను కట్టేసి, మొఖం కడుక్కుని, తలకు నూనె రాసుకుని వచ్చాడు. సిద్దిరాములు పనిలో వేసుకునే బుడ్డ అంగీ తీసి తెల్ల అంగీ వేసుకున్నాడు. పని చేసిన వాళ్లు కూడా వచ్చి కూర్చోవాలని, మేస్త్రీకి అందరి ముందు శాలువా కప్పుతామని దేవిదాస్ సారు కబురు పంపాడు. సిద్దిరాములు కట్టిన గోడల మీద మనుషులు ఇళ్లు నిలబెట్టుకున్నారు గాని, ఆయన పేరు పెట్టి పిలిచి ఎవరూ ఏమీ కప్పలేదు.

జనం లోపలికి రాకముందే సిద్దిరాములు గోడల వెంట ఒక చుట్టు తిరిగాడు. తలుపు పక్కకు వచ్చి నిలబడిపోయాడు. నేల మీది నుంచి ఎర్రచీమల బారు ఒకటి గోడ ఎక్కుతోంది. గోడ మీద ఇంకెక్కడా చీమ లేదు. బారు నేరుగా ఆ కొత్త సున్నం మీదికే పోయి అక్కడ ముసురుకుంది. ఆయన చీమలను తుడిచి, సున్నానికి వేలు ఆనించి, ఆ వేలు నాలుకకు రాసుకున్నాడు.

చాప పరుస్తున్న హన్మవ్వ అది చూసింది. ఆయన కూడా ఆమె వంక ఒకసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. భుజం మీది తువ్వాలతో చీమలను దులిపి, ఆ చోటికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"కూసో మేస్త్రీ, చాప ఉన్నది" అన్నాడు రాజలింగు.

"నిలవడితెనే బాగుంది."

ఆ రోజు వాయించడానికి వచ్చింది ఖుద్దూస్. నిజామాబాద్ బ్యాండుమేళంలో క్లారినెట్ ఆయనది. ఎర్రకోటు లేకుండా, ఉతికిన పైజమాలో ఆయన మామూలు మనిషిగా కనిపించాడు. కూర్చుని, జనాన్ని చూసి, వాద్యాన్ని పెదవుల దాకా తెచ్చి మళ్లీ దించేశాడు.

"సార్, బారాతుల పటాకుల నడుమ వాయించేటోన్ని. గింత మంది గిట్ల సప్పుడు లేకుంట కూసుంటె నాకు భయమైతుంది. ఎవలన్న జర దగ్గుండ్రి."

అందరూ నవ్వారు. ఎవరో నిజంగానే దగ్గారు. దేవిదాస్ సారు హార్మోనియం మీద శ్రుతి పట్టాడు.

ఖుద్దూస్ పెళ్లిళ్లలో వాయించే పాటలే వాయించాడు. కాని నడక లేదు, తోపులాట లేదు, పెళ్లికొడుకు గుర్రం లేదు. పాట ఒక్కటే మిగిలి, అది ఎవరిదో పోల్చుకోలేక జనం తలలు వంచుకుని విన్నారు. తరువాత పిల్లను అత్తగారింటికి సాగనంపేటప్పుడు వాయించేది మొదలుపెట్టాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హన్మవ్వ పాట వినడం లేదు. గోడకు ఆని నిలబడ్డ సిద్దిరాములునే చూస్తోంది. తెల్ల అంగీ మీద, వీపు వెనుక నుంచి భుజం పైకి, ఒక చీమ ఎక్కుతోంది. దాని వెనుక ఇంకొకటి. మెడ మీదికి వచ్చాయి. ఆయన దవడ బిగించాడు గాని చెయ్యి ఎత్తలేదు.

పాట అయిపోయింది. దేవిదాస్ సారు లేచి, మడత పెట్టిన శాలువా చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ గోడలను మల్ల నిలవెట్టిన మనిషి ఒకడున్నడు. సిద్దిరాములు మేస్త్రీ, ముందుకు రావాలె."

"ఇక్కన్నే మంచిగున్న సార్" అన్నాడు సిద్దిరాములు.

జనం నవ్వారు. "పోవయ్యా, కొత్త పెండ్లికొడుకు లెక్క సిగ్గువడ్తవేంది" అంటూ రాజలింగు చెయ్యి పట్టి లాగాడు. "వద్దు రాజలింగూ" అన్నాడు ఆయన, చిన్నగా. రాజలింగు రెండు చేతులా లాగాడు. సిద్దిరాములు ఒక అడుగు ముందుకు పడ్డాడు.

వెనుక గోడ మీద మెత్తని చప్పుడైంది. సున్నం ముద్ద జారింది, దానితో పాటు ఇటుక ముక్కలు నేల మీద రాలాయి. కుండ నోరు నల్లగా తెరుచుకుంది. ఆయన తెల్ల అంగీ వీపున తడి సున్నం గుండ్రంగా అంటుకుని ఉంది.

తలలన్నీ అటు తిరిగాయి. తరువాత ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అంతటా పాకింది. వెనుక కూర్చున్న బండ్ల మనుషుల్లో ఒకడు లేచి కుండ మూతికి నోరు పెట్టి, "ఓ రాజలింగూ, బీడీ ఉన్నదా?" అన్నాడు. కుండ "ఉన్నదా" అని లావుగా అన్నది. ఇంకొకామె వచ్చి తన కోడలిని పిలిచింది. కుండ ఆ పేరూ పలికింది. ఎవరు ఏ పేరు పెట్టి పిలిస్తే ఆ పేరు. హన్మవ్వ చెవులు మూసుకుంది.

దేవిదాస్ సారు శాలువాను మళ్లీ మడత పెట్టాడు. ఆయన మొఖం కందిపోయింది. ఆ సాయంత్రం కోసం ఆయన ఎంత తిరిగాడో అందరికీ తెలుసు.

"ఇదేం పని మేస్త్రీ? గోడంత గిట్లనే ఉన్నదా లోపట?"

"లేదు సార్. అదొక్కటే. మాలు నేనే కలిపిన. నాదే తప్పు."

"బడి గోడ గూడ నీకే చెప్దామనుకున్న. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకుని చెప్పాలె? రేపు పొద్దున దాన్ని సరిగ మూసి పో. తర్వాత సూద్దాం."

సున్నపు మాలు కలిపింది ఎవరో ముత్తవ్వకు తెలుసు. ఆమె హన్మవ్వ వంక చూసి, మొట్టమొదటి సారి ఏమీ అనలేకపోయింది. హన్మవ్వ పెదవులు విడివడ్డాయి. 'నేను కలిపిన సార్' అన్న మాట అక్కడిదాకా వచ్చి ఆగింది. ఎందుకు కలిపినవ్ అంటే ఏం చెప్పాలి? ఆమె చూస్తుండగానే సిద్దిరాములు చెప్పులు వెతుక్కుని, వీపున ఆ సున్నం మరకతోనే, జనం మధ్య నుంచి బయటికి నడిచిపోయాడు.

అందరూ పోయాక రాలినవి ఎత్తడానికి ఆమె ఉండిపోయింది. చెరుకు మళ్ల మీద పొద్దు కుంకుతోంది. ఇటుక ముక్కలు తట్టకెత్తి, కుండ మెడకు ఇంకా అంటుకుని ఉన్న సున్నాన్ని గీకింది. గీకుతూ చెయ్యి లోపలికి పెట్టింది. ఇన్ని రోజులూ నోరు పెట్టింది, చెవి పెట్టింది, చెయ్యి పెట్టలేదు. లోపల ఏముందో తడిమి చూడటానికి మనసొప్పలేదు.

మోచేతి దాకా పోయింది చెయ్యి. పక్కలంతా కాల్చిన మట్టి, నున్నగా ఉంది. అడుగున మాత్రం మట్టి లేదు. అరచేతి అంత మేర గరుకుగా ఏదో తగిలింది. సున్నం. బాగా గట్టిపడ్డ, మంచి సున్నం.

ఆమె వేళ్లు ఆగిపోయాయి. మళ్లీ తడిమాయి. గరుకులో పలచని అంచు ఒకటి గుచ్చుకుంది. నత్తగుల్ల ముక్క. పని మొదలైన వారంలో కాలువ ఇసుక తోలారు. దాని నిండా నత్తగుల్లలే. సార్ తిప్పి పంపితే తరువాత వేరే ఇసుక వచ్చింది. ఆ వారంలో తను కలిపిన సున్నమే ఇది. కుండ అడుగు పగిలి బయటికి తెరుచుకుని ఉంటే, బయటి వైపు నుంచి మూశారన్నమాట.

ఆ వారంలో తలుపు పక్క బయటి గోడ సందులు నింపింది సిద్దిరాములు. కుండ పలికిన ఆ పొద్దున సున్నపు బట్టీకి పోతున్నానని ఆమెకంటే ముందు ఇల్లు వదిలాడు. ఆమె పిలిచి, ఆ జవాబు విని, సున్నం కలిపి తట్ట తీసుకుని బయటికి వెళ్తే, ఆయన అక్కడే, ఊడిన రాయి చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బట్టీకి పోలేదేమని అడగాలని కూడా ఆమెకు తోచలేదు. తట్టలో చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు ఆయన. ఆ పూట సద్ది కూడా తినలేదు.

హన్మవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. వేళ్ల చివర గీసుకుపోయి సన్నగా నెత్తురు వచ్చింది. ఆ రోజు పిలవకుండానే ఇంటికి నడిచింది.

తెల్లవారి ఆమె ఇంటి ముందర సున్నం కలుపుతోంది. ఇసుక కొలిచింది. బెల్లం నీళ్లు ఎంత కావాలో అంతే పోసింది. కరక్కాయ నీళ్లు చిలకరించింది. రెండు చేతులతో బలమంతా పెట్టి పిసికింది. సిద్దిరాములు ఉతికి ఆరేసిన తెల్ల అంగీని తిప్పి చూస్తున్నాడు. మరక పోలేదు. దాన్ని దండెం మీద పడేసి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నేను మూసొస్త. నువ్వు రాకు" అన్నాడు.

"బయటి రాయి ఊడిందని నాకు జెప్పకపోతివి."

ఆయన చెయ్యి మోకాలి మీద బిగుసుకుంది. ఎదురింటి కోళ్లు వాకిట్లో గింజలు ఏరుకుంటున్నాయి. వాటినే చూస్తూ మాట్లాడాడు.

"బట్టీకి పోదామనే బయలెల్లిన. గోడ కాడ రాయి కదులుతున్నదని గుర్తొచ్చి ఆగిన. రాయి గుంజంగనే లోపట్నుంచి నువ్వు పిలిచినవ్." దగ్గరికి వచ్చిన కోడిని అదిలించాడు. "పలకకుంటె నువ్వు గట్లనే నిలవడి ఉంటవనిపించింది. నోట్లకెళ్లి వచ్చేసింది. నేను అనాలెనని అన్లేదు."

"మల్ల ఎన్నడు పలకకపోతివి."

"ఆ దినమే మూసేసిన. నువ్వు మల్ల పిలుస్తవ్. నేను మల్ల పలుకుత. గది ఎక్కడి దాక పోతదో అని భయమైంది." నేల మీది సున్నపు పెళ్లను గోటితో గీకాడు. "నువ్వు రోజు పోయి పిలుస్తవని ఎరుకనే. మూస్తెనన్న మరుస్తవనుకున్న. లోపటి దాన్ని గూడ నేనే మూసెయ్యుమన్న సార్‌ను. కందిరీగలని జెప్పిన."

హన్మవ్వ చేతులు సున్నంలో ఆగాయి. ఆయన తిడుతుందేమోనని చూశాడు. ఏడుస్తుందేమోనని చూశాడు.

"ఒక్కపారి అను" అంది.

"హన్మవ్వా..."

"ఒక్కపారి."

ఆమె కళ్లు మూసుకుంది. సిద్దిరాములు వాకిలి వంక చూశాడు, వీధి వంక చూశాడు. మీసాల మీద సున్నపు పొడి ఉంది. దాన్ని అరచేత్తో తుడుచుకుని, తల కిందికి దించుకుని అన్నాడు.

"వస్తున్న అవ్వా."

ఆ గొంతే. చివర అట్లాగే సాగింది.

హన్మవ్వ కళ్లు తెరిచింది. ఎదురుగా నెరిసిన మీసాలతో ఆయన కూర్చుని ఉన్నాడు. ఆమె సున్నాన్ని ఇంకొకసారి పిసికి, ముద్దలుగా తట్టలోకి ఎత్తింది. ఆయన తాపీని బొడ్లో దోపుకుని, చుట్టబట్ట నెత్తిన పెట్టుకుంది. తట్ట ఎత్తేటప్పుడు రోజూ ఆయన ఒక చెయ్యి పట్టేవాడు. ఇప్పుడూ లేచి చెయ్యి చాచాడు. ఆమె మోకాలు ఆన్చి, నడుము వంచి, తట్టను తానే నెత్తి మీదికి ఎత్తుకుంది.

"నన్ను రమ్మంటవా?" అన్నాడు.

ఆమె ఎండ ఇంకా ఎక్కని వీధిలోకి దిగి, గిర్జ దారి పట్టి వెళ్లిపోయింది.